64 కేబీపీఎస్‌లో అందే పాఠం

(నంద్యాలలో జరిగిన మాస్టారి స్మారక సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

ఇవాళ మనం తలుచుకుంటున్న ఆయన్ని ఊరంతా మాస్టారనే పిలిచింది. నేనూ ఇవాళ అలాగే అంటాను.

మాస్టారు ఆళ్లగడ్డలో లెక్కలు చెప్పేవారు. గది ఇరుకు, పిల్లలు ఎక్కువ. కిటికీ వెలుగు పడి బోర్డు కుడివైపు సగం మెరిసిపోయేది. వెనక వరుసకు అక్కడ రాసింది ఏమీ తెలిసేది కాదు. అందుకని ఆయన గీసే ప్రతి గీతనూ నోటితో చెప్పేవారు. ‘‘త్రిభుజం గీస్తున్నా. పైన ఏ, కింద ఎడమ పక్క బీ, కుడి పక్క సీ. ఇప్పుడు ఏ నుంచి బీసీ మీదికి లంబం దించుతున్నా, అది తగిలే చోటు డీ.’’ తల ఎత్తకుండా విన్నా నోట్సులో బొమ్మ సరిగ్గా పడేది. ‘‘బోర్డు కనపడనోడికి గూడా లెక్క తెలియాల’’ అనేవారు.

వీడియో పాఠాల వెబ్‌సైట్లు కట్టడం నా వృత్తి. నెట్ నెమ్మదిగా వచ్చే చోట చదువుకునే పిల్లల కోసం వాటిని ఎలా కట్టాలన్నదే ఈరోజు నేను ఎంచుకున్న విషయం. నేను చెప్పదలచింది ఒక్కటే. పాఠంలో ముందు మాట చేరాలి. మాట వెనకే రాత, గీత చేరాలి. కదిలే బొమ్మ ఆ తరువాత రావాలి, రాకపోయినా పాఠం ఆగకూడదు. ఇప్పుడున్న వెబ్‌సైట్లలో ఈ వరుస పూర్తిగా తలకిందులైంది. ముందు హంగులు, ప్రకటనలు, బొమ్మలు దిగుతాయి. మాస్టారి గొంతు అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది.

బయటి ఊళ్ల వాళ్లకు నంద్యాల అంటే నవనందులు, మహానంది. ఉద్యోగం కోసం ఎదురుచూసే కుర్రాళ్లకు నంద్యాల అంటే బ్యాంకు కోచింగ్. రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ పిల్లలు వచ్చి ఇక్కడి హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉండి చదువుతారు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు వాళ్లంతా ఇళ్లకు వెళ్లిపోయారు, పాఠాలు ఫోన్లలోకి ఎక్కాయి. బడి పిల్లల కోసం దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేశారు. ఆ తరువాత గదులు మళ్లీ తెరుచుకున్నా, రికార్డయిన పాఠం ఫోన్లోనే ఉండిపోయింది. ఇప్పుడు తరగతిలో ఒకసారి విని, రాత్రి ఫోన్లో రెండోసారి వినడం అలవాటైంది.

ఆ రాత్రి వేళే చిక్కు. భోజనాలయ్యాక ఒక్కో హాస్టల్లో వందల ఫోన్లు ఒక్కసారి తెరుచుకుంటాయి. టవర్ సామర్థ్యం దాని కింద ఉన్న ఫోన్లన్నీ పంచుకునేది. బోరు ఒకటే ఉండి వీధిలో కుళాయిలన్నీ తిప్పినట్టు, ప్రతి ఒక్కరికీ ధార సన్నబడుతుంది. కాంక్రీటు గోడల లోపల సిగ్నల్ ఇంకా తగ్గుతుంది. ఫోను మీద 5జీ అని గుర్తు వెలుగుతూనే ఉంటుంది, వీడియో మధ్యలో చక్రం తిరుగుతూనే ఉంటుంది. ‘‘సార్, గుండ్రంగా తిరుగుతానే ఉంది’’ అని పిల్లలు చెప్పే మాటకు అర్థం ఇదే.

ఇక్కడి నుంచి జాతీయ రహదారి మీద సుమారు 40 కిలోమీటర్లు పోతే ఆళ్లగడ్డ. ఊళ్లో ఫర్వాలేదు. తూర్పున నల్లమల వైపు, అహోబిలం దారిలో, కొండ అడ్డు వచ్చిన చోటల్లా సిగ్నల్ పడిపోతుంది. మిద్దె ఎక్కితే రెండు గీతలు, దిగితే సున్నా. అడవి అంచు గూడేల్లో అదీ ఉండదు.

వీటన్నిటికన్నా పెద్ద గోడ ఇంకొకటి ఉంది. మన ఇళ్లలో ఎక్కువగా వేయించే రీచార్జి రోజుకు ఇంత డేటా అని వస్తుంది, ఒకటిన్నర జీబీ అనుకుందాం. అది అయిపోతే చాలా ప్లాన్లలో నెట్ పూర్తిగా ఆగదు, వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఇంట్లో స్మార్ట్ ఫోను ఒకటే అనుకోండి. పగలంతా నాన్న చేతిలో, సాయంత్రం అన్న చేతిలో. పదో తరగతి చదివే అమ్మాయి చేతికి అది వచ్చేసరికి రాత్రి తొమ్మిది. అప్పటికి ‘నెట్ అయిపోయింది.’ నిజానికి అయిపోలేదు, 64 మిగిలింది. ఆ 64లో ఆ అమ్మాయికి పాఠం అందుతుందా అన్నదే నేను ఏ వెబ్‌సైటుకైనా పెట్టే పరీక్ష.

లెక్క మాస్టారి ముందు చెబుతున్నట్టే చెబుతాను. 64 కిలోబిట్లు అంటే సెకనుకు 8 కిలోబైట్లు. ఈ రోజుల్లో మామూలు వెబ్ పేజీ 2 ఎంబీ పైనే ఉంటోంది. 2 ఎంబీని 8 కేబీ చొప్పున దించితే 250 సెకన్లు, అంటే నాలుగు నిమిషాల పైమాట. ఇది వీడియో మొదలవడానికి ముందు సంగతి. పేజీ పైన తిరిగే బ్యానర్లు, సంస్థ అధిపతి ఫొటో, మూలన ‘మాతో చాట్ చేయండి’ అని తోసుకొచ్చే గడి, మనం ఏం నొక్కామో గమనించే కోడ్, ఇవన్నీ దిగాక పాఠం వంతు. పైగా ఒక్కొక్కటి ఒక్కో సర్వర్ నుంచి వస్తుంది. కొత్త సర్వర్‌తో మాట కలపాలంటే ఫోను ముందు రెండు మూడు సార్లు అటూ ఇటూ కబురు పంపుకోవాలి. సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట ఆ కబుర్లకే సెకన్లు కరిగిపోతాయి.

ఈ విషయంలో అందరూ తెలుసుకోవాల్సిన ఉదంతం యూట్యూబ్‌లోనే జరిగింది. 2009 ప్రాంతంలో అక్కడ క్రిస్ జకారియాస్ అనే ఇంజనీరు, వీడియో చూసే పేజీ బరువు తగ్గించే పని తలకెత్తుకున్నాడు. ఒక్క పేజీ 1.2 ఎంబీ దాకా ఉండేది. అందులో వీడియో కలవలేదు, చుట్టూ ఉన్న సరంజామా బరువే అంత. అతను పట్టుబట్టి దాన్ని 98 కేబీకి దించాడు. ఆ పేజీకి ఫెదర్ అని పేరు పెట్టి కొందరికి ఇచ్చి చూశారు. వారం గడిచాక లెక్కలు తీస్తే, పేజీ తెరుచుకునే సగటు సమయం తగ్గాల్సింది పోయి పెరిగింది.

బరువు పన్నెండో వంతుకు దిగితే సమయం ఎలా పెరుగుతుంది? అతను ప్రాంతాలవారీగా విడగొట్టి చూశాక సంగతి బయటపడింది. ఆగ్నేయాసియా, దక్షిణ అమెరికా, ఆఫ్రికా, సైబీరియా మారుమూలల నుంచి అంతకుముందు లేనంత మంది రావడం మొదలైంది. పాత పేజీ వాళ్లకు తెరుచుకోవాలంటే 20 నిమిషాలకు పైగా పట్టేది. అంతసేపు ఎవరు కూర్చుంటారు? కొత్త పేజీ రెండు నిమిషాలకు తెరుచుకుంది. రెండు నిమిషాలంటే మనకు చాలా ఎక్కువ. వాళ్లకు అది మొదటిసారి యూట్యూబ్‌లో వీడియో చూడగలగడం. వాళ్ల రెండేసి నిమిషాలు వచ్చి కలిసేసరికి సగటు పెరిగింది. ఈ సంగతి అతనే 2012లో రాశాడు.

నేను దీని దగ్గర ఎందుకు ఆగుతున్నానంటే, మన సంస్థల్లో ప్రతి నెలా చూసుకునే అంకెలు సరిగ్గా ఇలాగే మోసం చేస్తాయి. నేను పనిచేసిన ఒకచోట గోడ మీద పెద్ద తెర ఉండేది, ఏ ఊరి నుంచి ఎంతమంది చూస్తున్నారో అందులో చుక్కలు వెలిగేవి. నల్లమల పక్కన చుక్కల్లేవు. ‘అక్కడ మన పాఠాలకు గిరాకీ లేదు’ అని తేల్చేశారు. పేజీ తెరుచుకోక వెనక్కి పోయినవాడి పేరు ఏ లెక్కలోనూ పడదు. రాలేకపోయినవాణ్ని రావడం ఇష్టం లేనివాడిగా రాసుకోవడం చదువు విషయంలో చాలా పెద్ద అన్యాయం.

98 కేబీ పేజీ మన 64లో 12 సెకన్లకు తెరుచుకుంటుంది. కాబట్టి పేజీ సంగతి తేలిపోయింది, పట్టుదల ఉంటే చాలు. ఇక పాఠం.

720పి అనే మామూలు నాణ్యతలో పాఠం చూడాలంటే సెకనుకు దాదాపు 1,500 కిలోబిట్లు కావాలి. గంటకు 675 ఎంబీ. ఒకటిన్నర జీబీ రెండు గంటల పాఠానికి కాస్త పైన మాత్రమే సరిపోతుంది. అన్నిటికన్నా కింది మెట్టు 144పి. దానికి బొమ్మ, మాట కలిపి 120 దాకా కావాలి, 64కు అదీ దాదాపు రెట్టింపే. మరి మాట ఒక్కటే అయితే? ఓపస్ అనే ధ్వని పద్ధతి 2012లో ప్రమాణంగా వచ్చింది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అందులో మనిషి గొంతు 24 కిలోబిట్లకే స్పష్టంగా వినపడుతుంది. గంట పాఠం 10.8 ఎంబీ. అంటే డేటా అయిపోయిందనుకున్న ఫోనులో కూడా మాస్టారి గొంతు ఆగకుండా వస్తుంది, ఇంకా 40 కిలోబిట్లు మిగులుతాయి. ఆ 40లో రాత, గీత పంపాలి. బోర్డు రాతను చూపే ఫొటోల్ని పలకలు అందాం; గంట పాఠానికి 20 పలకలు, ఒక్కోటి 40 కేబీ అనుకున్నా అన్నీ కలిపి 800 కేబీ. మొత్తం గంట పాఠం 12 ఎంబీ లోపు.

ఇది సాధ్యం కావాలంటే ఒక షరతు ఉంది. మాటను, బొమ్మను వేర్వేరు ప్రవాహాలుగా పంపాలి. చాలా వెబ్‌సైట్లు రెండిటినీ ఒకే ఫైల్లో కలిపేస్తాయి. అప్పుడు బొమ్మ చిక్కుకుంటే మాట కూడా దానితోపాటు ఆగుతుంది. వీడియోను కొద్ది సెకన్ల ముక్కలుగా కోసి, నెట్ వేగాన్ని బట్టి పెద్ద ముక్కో చిన్న ముక్కో పంపే పద్ధతులు 2009 నుంచి వాడుకలోకి వచ్చాయి, హెచ్ఎల్ఎస్, డాష్ అంటారు. రెండిటిలోనూ మాటను విడిగా పంపే వీలుంది. వాడుకునేవాళ్లే తక్కువ.

మాటను విడదీయడం కొత్త ఆలోచనేమీ కాదు, మన నేల మీద దీన్ని 50 ఏళ్ల కిందటే చేశారు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా మన దేశంలో ‘సైట్’ అనే టీవీ బోధన ప్రయోగం జరిగింది. 6 రాష్ట్రాలు, 2,400 పల్లెలు. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ఇనుప వల అల్లిన పెద్ద గొడుగు లాంటి యాంటెనాతో, ఊరంతటికీ ఒకే టీవీ. ఆ ఉపగ్రహం ఒక బొమ్మతో పాటు రెండు ధ్వనులు పంపగలిగేది. అదే బొమ్మ మీద తెలుగు మాట ఒక దారిన, కన్నడ మాట ఇంకో దారిన వెళ్లే ఏర్పాటు. ఉన్న కాస్త దారిని ఎలా పంచుకోవాలో ఆ ఇంజనీర్లు ముందే ఆలోచించారు. పొదుపు నుంచి పుట్టిన ఆ తెలివి చేతిలో ఎక్కువ వేగం ఉన్నవాళ్లకు గుర్తుకు రావడం లేదు.

ఇక రాత. ఇక్కడ తెలుగువాళ్లుగా మనకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. నెట్ తక్కువైతే 144పిలో చూసుకోండి అని సలహా ఇస్తారు. 144పి అంటే తెర నిలువున 144 చుక్కల వరుసలు. బోర్డు మీద ఎనిమిది పంక్తులు రాశారనుకోండి, పంక్తికి 18 చుక్కలు. ఇంగ్లిషు అక్షరం అందులో సర్దుకుంటుంది. మన అక్షరానికి పైన తలకట్టో గుడో ఉండాలి, కింద వత్తు దిగాలి, పంక్తికీ పంక్తికీ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. ఇవన్నీ పోగా అక్షరం ఒంటికి మిగిలేది ఏడెనిమిది చుక్కలు. అంత చిన్న చోట ‘ద’కూ ‘ధ’కూ, ‘ప’కూ ‘ఫ’కూ తేడా చూపే పిల్లగీత ఒక్క చుక్క కూడా ఉండదు. వీడియోను కుదించే పద్ధతి మొదట పారేసేది అలాంటి సన్నని గీతల్నే. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటల్లో రెండు వత్తులు కలిసి మసకగా ముద్దవుతాయి. లెక్కల్లో వర్గం గుర్తుగా పైన వేసే 2, బోర్డు మీది మరకలా కనపడుతుంది. ఆ మరకను చూడకుండా వదిలేసిన పిల్లవాడికి లెక్క తప్పుతుంది, వాడు తనకే లెక్కలు రావనుకుంటాడు.

కాబట్టి తెలుగు పాఠానికి ప్రమాణాలు మనమే పెట్టుకోవాలి. ఒక తెర మీద నాలుగు పంక్తులకు మించకూడదు. చాక్‌పీసు గీత లావుగా ఉండాలి. అంతకన్నా మంచి దారి, రాతను బొమ్మగా పంపకుండా రాతగానే పంపడం. యూనికోడ్‌లో తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు తింటుందని కొందరు పెదవి విరుస్తారు. గంటసేపు మాట్లాడిన పాఠమంతా అక్షరం పొల్లుపోకుండా రాసినా 150 కేబీ దరిదాపుల్లో ఉంటుంది, కుదించి పంపితే అందులోనూ చాలా తగ్గుతుంది. 64లో కూడా కొన్ని సెకన్ల పని. ఫోను తనలో ఉన్న తెలుగు ఫాంటుతో దాన్ని చూపుతుంది, ఒక్క వత్తూ పోదు, పెద్దది చేసుకున్నా మసకబారదు. వెతికితే దొరుకుతుంది కూడా. చక్రవడ్డీ గురించి సారు ఎక్కడ చెప్పారో తెలుసుకోవడానికి గంట వీడియోను ముందుకూ వెనక్కూ లాగి డేటా కాల్చుకోనక్కర్లేదు.

గీతలకూ ఇదే దారి. టీచరు ఎలక్ట్రానిక్ పలక మీద కలంతో గీస్తుంటే దాన్ని వీడియో తీయకుండా, కలం ఏ క్షణంలో ఎక్కడుందో ఆ స్థానాల్ని మాత్రమే రాసుకుంటే గంట పాఠం కొన్ని వందల కేబీలు అవుతుంది. ఫోను ఆ గీతల్ని మాటతో పాటు మళ్లీ గీస్తుంది. లెక్కలు, భౌతికశాస్త్రం, అకౌంట్లు, బ్యాంకు పరీక్షల రీజనింగ్, అన్నిటికీ ఇది సరిపోతుంది.

సారు ముఖం కనపడకపోతే పిల్లలు వినరని ఒక మాట అంటారు. దాన్ని నేను కొట్టిపారేయను. ముఖానికి విలువ ఉంది. మొదట్లో ఒక ఫొటో, పలకరించే పది సెకన్ల వీడియో పెట్టండి. గంటంతా ముఖాన్ని మోసే స్థోమత లేని ఫోనుకు దాన్ని బలవంతంగా పంపొద్దు. వినడంతోనే పరీక్షలు దాటినవాళ్లున్నారు. ఎర్నాకుళం రైల్వేస్టేషన్లో ఒక కూలీ, స్టేషన్ ఉచిత వైఫైతో పాఠాలు దించుకుని, సామాన్లు మోస్తూ చెవిలో వింటూ కేరళ పబ్లిక్ సర్వీసు కమిషన్ రాతపరీక్ష పాసయ్యాడని 2018లో పత్రికలు రాశాయి.

అన్ని పాఠాలూ ఇలా తేలికవుతాయని చెప్పడం లేదు. ఆళ్లగడ్డ శిల్పుల దగ్గరే ఆ సంగతి తెలుస్తుంది. రోడ్డు పక్కన పాకల్లో, రాతి దుమ్ములో కూర్చుని విగ్రహం చెక్కే మనిషి చేతిని దగ్గర్నుంచి చూడండి. పెద్ద పెచ్చు లేపేటప్పుడు ఉలి దాదాపు నిలువుగా ఉంటుంది. కనురెప్ప దగ్గరికి వచ్చేసరికి రాతి మీద పడుకున్నంత వాలుగా ఉంటుంది, సుత్తి దెబ్బ తగిలీ తగలనట్టు పడుతుంది. ఆ వాలు ఎంతో, దెబ్బ ఎంతో చెప్పడానికి మాట చాలదు. అది కంటితో పట్టుకోవాల్సిన విద్య. అక్కడ బొమ్మ కావాలి, బాగా స్పష్టమైన బొమ్మ కావాలి.

అయినా గంటంతా అక్కర్లేదు. ఉలి మొన, రాయి, రెండే కనపడేలా దగ్గర్నుంచి తీసిన పది సెకన్ల ముక్క చాలు. కొంచెం మంచి నాణ్యతలో, సెకనుకు 500 కిలోబిట్ల చొప్పున అది 625 కేబీ. మాటకు 24 పోగా మిగిలిన 40 కిలోబిట్లలో రెండు నిమిషాల అయిదు సెకన్లలో దిగిపోతుంది. ఆ రెండు నిమిషాలూ శిల్పి రాయి రకం గురించి, ముందు గీసుకునే కొలతల గురించి చెబుతూ ఉంటాడు. ఆయన ‘ఇప్పుడు చూడు’ అనేసరికి ముక్క ఫోన్లో సిద్ధంగా ఉంటుంది, పిల్లవాడు ఎన్నిసార్లయినా తిప్పి చూస్తాడు, మళ్లీ డేటా ఖర్చు కాదు. పాఠం కట్టేవాళ్లు శిల్పి పక్కన ఒక పూట కూర్చుని, చూపు కావాల్సిన పది సెకన్లు ఏవో ఆయన్నే అడిగి తేల్చుకోవాలి. అది కంప్యూటర్ నిర్ణయించే విషయం కాదు.

చిత్రీకరణలో కూడా కాస్త జాగ్రత్త పడాలి. కదలని చోటును మళ్లీ మళ్లీ పంపకుండా, మారిన భాగాన్నే పంపడం వీడియో కుదింపులోని కిటుకు. కెమెరాను చేత్తో పట్టుకుంటే తెరంతా కదులుతుంది, ప్రతి చుక్కా మారుతుంది. స్టాండు మీద పెడితే అదే పాఠం ఎంతో తేలికవుతుంది. మొదట్లో గిరగిరా తిరుగుతూ వచ్చే సంస్థ లోగో ఉంటుంది చూశారా, ఆ పది సెకన్లు నల్లబోర్డు ముందు నిలబడి చెప్పే ఎన్నో నిమిషాల బరువు తింటాయి. ఎంపీ4 ఫైల్లో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక ఒకటి ఉంటుంది. దాన్ని చాలా కెమెరాలు ఫైలు చివర రాస్తాయి. అది చేతికి రానిదే ప్లేయర్ మొదటి బొమ్మ చూపలేదు. దాన్ని ముందుకు జరపడం ఒక్క ఆదేశంతో అయ్యే పని. ఆ ఒక్క ఆదేశం ఇవ్వక పిల్లలు చక్రం చూస్తూ కూర్చున్నారంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

హాస్టల్ పిల్లలు తమంతట తాము కనిపెట్టుకున్న పద్ధతి ఒకటుంది, వెబ్‌సైట్లు కట్టేవాళ్లంతా దాన్ని చూసి నేర్చుకోవాలి. రోజువారీ డేటా చాలా ప్లాన్లలో అర్ధరాత్రి 12కు కొత్తగా మొదలవుతుంది, మిగిలింది మురిగిపోతుంది. అందుకని పదకొండున్నరకు ఫోన్లో ఎంత మిగిలిందో చూసుకుని, మరుసటి రోజు పాఠాలు దించుకుంటారు. టవర్ కూడా అప్పటికి ఖాళీ అవుతుంది. దీనికి మనం చేయాల్సిన సాయం చాలా చిన్నది. బటన్ మీద ‘రేపటి పాఠం, 12 ఎంబీ’ అని బరువు రాసిపెట్టడం. దించడం మధ్యలో తెగితే తెగిన చోటు నుంచే మళ్లీ అందుకోవడం. దిగిన ఫైలును పక్క మంచం వాడి ఫోనుకు ఇచ్చుకోనివ్వడం. ఈ మూడోదానికి సంస్థలు ఒప్పుకోవు. దొంగకాపీల భయం. డబ్బు తీసుకునే కోర్సుల విషయంలో ఆ భయం అర్థం చేసుకోగలను. ప్రభుత్వ సొమ్ముతో తయారైన పాఠానికి కూడా తాళం ఎందుకు? ఐఐటీల పాఠాలను ఎన్‌పీటీఈఎల్ ఎవరైనా దించుకునేలా పెట్టింది, చాలా కోర్సుల పాఠం రాతను తెలుగుతో సహా మన భాషల్లోకి తెచ్చింది. ఆ దారే సరైనది.

నెట్ అసలే లేని గూడెం సంగతి వేరు. 2012లో కేఏ లైట్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఖాన్ అకాడమీ పాఠాలను నెట్ లేకుండా చూసేందుకు. దాన్ని చేసినవాళ్లే తరువాత కొలిబ్రి తయారు చేశారు. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్‌లో పాఠాలన్నీ ఎక్కించి బడిలో పెడితే, చుట్టూ ఉన్న ఫోన్లు దాని వైఫైకి కలిసి చదువుకుంటాయి. బయటి నెట్‌తో పనిలేదు. మన రాష్ట్రంలో 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చిన ట్యాబ్‌లలో కూడా పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు. నెట్‌ను నమ్ముకోకూడదన్న ఆ ఆలోచన మంచిదే. పాఠం ఎంత బాగుందన్నది వేరే చర్చ.

దూరవిద్యలో మనవాళ్లు ఇంతకన్నా ముందే వరుస సరిగ్గా పెట్టారు. 1982లో జి. రాంరెడ్డి గారు మొదటి ఉపకులపతిగా, దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. అక్కడ ముందు అచ్చు పుస్తకం, దానికి తోడు రేడియో పాఠం, సందేహాలకు దగ్గరి కళాశాలలో అధ్యయన కేంద్రం. ఎక్కువమందికి అందేదాన్ని కింద పునాదిగా వేసి, కొద్దిమందికి అందేదాన్ని పైన పెట్టారు. వీడియో పాఠాల వెబ్‌సైటుకు కూడా నాకు ఇంతకన్నా మంచి నమూనా కనపడలేదు.

ఫైబర్ వస్తోంది, 5జీ వచ్చింది, ఇంకా ఈ పొదుపు ఎందుకని అడుగుతారు. మన రాష్ట్రంలో కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయలకే నెట్ ఇస్తామని ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రారంభించారు. అది అందిన ఇళ్లకు ఎంతో మేలు చేసింది, ఇంకా చాలా ఇళ్లకు అందాలి. అయితే వేగం పెరిగినప్పుడల్లా పేజీల బరువూ పెరుగుతూ వచ్చింది. వెడల్పు చేసిన రోడ్డును ముందు నిండా వాడుకునేది పెద్ద బండ్లున్నవాళ్లే. రీచార్జి వేయించలేని నెలలో, గాలివానకు స్తంభం ఒరిగిన రాత్రి, పిల్లల చేతికి మళ్లీ 64నే వస్తుంది.

నంద్యాలలో పాఠాలు తయారు చేసే సంస్థల వాళ్లు ఈ సభలో కొందరున్నారు. మీ దగ్గర చాలా ఏళ్ల పాఠాలు పోగుపడి ఉన్నాయి. వాటి నుంచి మాటను విడదీసి, పలకల్ని ఫొటోలుగా కోసి ఇవ్వడానికి కొత్తగా చిత్రీకరణ అక్కర్లేదు. కొత్త పేజీ పెట్టేముందు ఒక పాత ఫోనులో, డేటా అయిపోయిన రాత్రి, ఆళ్లగడ్డ దాటి అడవి అంచున ఎక్కడైనా కూర్చుని దాన్ని తెరిచి చూడండి. సగటు వదిలేసి, మండలాలవారీగా మొదటి మాట ఎన్ని సెకన్లకు వినపడిందో రాసుకోండి.

మాస్టారి శిష్యులం కొందరం కలిసి పదో తరగతి లెక్కలతో మొదలుపెడుతున్నాం. అరగంట చొప్పున 120 పాఠాలు, మొత్తం 60 గంటలు. మాట 650 ఎంబీ, గీతలు, రాత కలిపినా 1 జీబీ దాటదు. ఏడాది లెక్కలన్నీ అతి చిన్న మెమరీ కార్డులో పడతాయి. తాళం ఉండదు, ఎవరైనా ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. కలం పట్టే లెక్కల టీచర్లు మాకు దొరికారు. గీసే ప్రతి గీతనూ నోటితో చెబుతూ పాఠం నడపగలిగే గొంతులు ఇంకా కావాలి, చెప్పినదాన్ని తెలుగులో తప్పుల్లేకుండా టైపు చేసేవాళ్లు కావాలి. తలుపు దగ్గర రిజిస్టరు పెట్టాం. వెళ్లేటప్పుడు మీ పేరు, మీరు చెప్పగలిగే అధ్యాయం అందులో రాసి వెళ్లండి.